పదో తరగతి కాగానే సెమినరీకి పంపవచ్చా?

గుంటూరు నుంచి ఒక తల్లి:

మా అబ్బాయి ఈ సంవత్సరం పదో తరగతి పాసయ్యాడు. మంచి మార్కులే వచ్చాయి. ఆ సాయంత్రం బంధువులంతా ఏ కాలేజీ, ఎంపీసీనా, బైపీసీనా అని అడుగుతుంటే వాడు నెమ్మదిగా "నేను ఫాదర్ కావడానికి సెమినరీకి వెళ్తాను" అన్నాడు. ఆరో తరగతి నుంచి పూజలో గురువులకు సాయపడే పీఠ బాలుడిగా సేవ చేస్తున్నాడు కాబట్టి ఆ మాట మాకు కొత్త కాదు. కానీ మర్నాడు మాకు చెప్పకుండా విచారణ (పారిష్) గురువుల దగ్గరకు వెళ్ళి వివరాలు అడిగి వచ్చాడని తెలిశాక ఇది పిల్లవాడి ముచ్చట కాదని అర్థమైంది.

జూన్‌లో మైనర్ సెమినరీలో చేరితే అక్కడ ఉంటూనే ఇంటర్మీడియట్ చదువుతాడు. మావారు డిగ్రీ చేతికి వచ్చాక చూద్దామంటున్నారు. మా అత్తగారు వాడు కడుపులో ఉన్నప్పుడే గుణదల మాతకు మొక్కుకున్నారట, అడ్డుపడితే దోషమంటున్నారు. వాడు మాకు ఒక్కడే కొడుకు, పైన ఒక ఆడపిల్ల. 15 ఏళ్ల పిల్లవాడు ఇంత పెద్ద నిర్ణయం ఎలా తీసుకుంటాడని నాకు భయం. కాదంటే దేవుని పిలుపును నేనే ఆపినదాన్నవుతానేమోనని అంతకన్నా పెద్ద భయం. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఈ దారి తెలిసినవారు చెప్పండి.

ఫిరంగిపురం ప్రాంతపు ఉపదేశి, విశ్రాంతిలో ఉన్నవారు:

అమ్మా, పంపించండి. ఎన్నో ఏళ్లు ఊళ్లలో జ్ఞానోపదేశం చెప్పాను. నా దగ్గర జపమాల నేర్చుకున్న పిల్లల్లో ముగ్గురు ఇవాళ గురువులు. ముగ్గురూ పదో తరగతి కాగానే వెళ్ళినవారే. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు పెద్దలు. చేతికి డిగ్రీ, మనసులో ఉద్యోగం మీద ఆశ వచ్చాక తెల్లవారుజామున గంట కొడితే లేవడం కష్టం. లిసియు పునీత తెరేజమ్మను చిన్నదానివి ఆగమన్నారు. ఆమె రోముకు వెళ్ళినప్పుడు పదమూడవ లియో పాపుగారినే (పోపునే) నేరుగా అడిగింది. 1888లో కార్మెల్ మఠంలో చేరేనాటికి ఆమెకు 15 ఏళ్లే.

పైగా వెళ్ళిన వెంటనే గురుపట్టం ఇవ్వరు కదా. 25 ఏళ్లు నిండనిదే ఇవ్వకూడదని శ్రీసభ (క్యాథలిక్ సంఘం) చట్టమే చెబుతోంది. తత్వశాస్త్రం, వేదశాస్త్రం కలిపి కనీసం 6 ఏళ్లు చదవాలి. అంటే ఆలోచించుకోవడానికి మీ వాడికి దాదాపు పదేళ్లు ఉంటాయి. మొక్కు మాట కూడా తేలిగ్గా తీసుకోకండి.

వెళ్ళి తిరిగి వచ్చినవాణ్ని, విజయవాడ:

మాస్టారూ, మీ సేవకు నమస్కారం. కానీ ఆ సామెత ఇక్కడ వద్దు. పిల్లవాణ్ని వంచడానికి పంపుతున్నామా, పిలుపు ఉందో లేదో వాడు వెతుక్కోవడానికి పంపుతున్నామా? ముగ్గురు గురువులయ్యారన్నారు. వెళ్ళి తిరిగి వచ్చినవారు ఎందరో కూడా చెప్పండి. అటువంటివారిలో ఒకణ్ని నేను.

16వ ఏట వెళ్ళాను. ఆరేళ్లు ఉన్నాను. తత్వశాస్త్రం చదువుతుండగా నాకు ఇల్లు, భార్య, పిల్లలు కావాలని, ఆ కోరికను దాచుకుని పీఠం ముందు నిలబడలేనని తేలిపోయింది. మా ఆధ్యాత్మిక గురువు మూడు నెలలు ఓపికగా నా మాట విన్నారు. చివరికి తల మీద చెయ్యి పెట్టి దీవించి పంపారు. అక్కడ నాకు ఏ అన్యాయమూ జరగలేదు. జరిగినదంతా ఇంటికి వచ్చాకే. బస్సు దిగి పెట్టె మోసుకుంటూ వస్తుంటే మొదట ఎదురైన మనిషి "ఏం చేశావని పంపించేశారు?" అని అడిగాడు. నేను వెళ్ళిననాడు దేవాలయం ముందు దండలు వేసి సాగనంపిన ఊరు అది. నాన్న ఏడాది పాటు ఆదివారం పూజలో చివరి వరసలో కూర్చున్నారు, దీవెన కాకముందే లేచి వెళ్ళిపోయేవారు. అమ్మ చుట్టాల పెళ్ళిళ్లకు పోవడం మానేసింది.

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటి రాస్తున్నాను. ఇది నా దారి కాదని నాలుగో ఏడాదిలోనే తెలుసు నాకు. మిగిలిన రెండేళ్లూ ఆ దండలకు భయపడి ఉండిపోయాను.

15 ఏళ్లప్పుడు నాకు పిలుపుకూ తెల్లని అంగీకీ తేడా తెలియదు. ఫాదర్ గారు వస్తే ఊరి పెద్దలు లేచి నిలబడేవారు, అది చూసి నాకూ కావాలనిపించింది. డిగ్రీ వయసుకు ఆ తేడా తెలిసి ఉండేది. అక్కా, మీవారు చెప్పిందే సరైనది. ఆగండి.

వేదశాస్త్ర విద్యార్థి, సెలవులకు విజయవాడ వచ్చాను:

అన్నయ్యా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నాతో చేరినవారం 14 మందిమి, ఇప్పుడు ఐదుగురం. వెళ్ళిపోయినవారిలో ఒకడు నా ప్రాణ స్నేహితుడు. వాడి ఇంట్లోనూ ఇదే జరిగింది.

అమ్మా, మీ అబ్బాయి వెళ్ళే చోట రోజు ఎలా గడుస్తుందో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. నేను పదో తరగతి కాగానే వెళ్ళినవాణ్నే. అయిదింటికి గంట కొడతారు. కీర్తనలతో ఉదయ ప్రార్థన, కొంతసేపు ధ్యానం, దివ్యబలిపూజ. ఆ తర్వాత ఉప్మా. ఊడ్చే వంతు, గిన్నెల వంతు, తోట వంతు ఎవరివో బోర్డు మీద రాసి ఉంటుంది. కాలేజీ నుంచి వచ్చాక గంటసేపు వాలీబాల్, ఆపైన జపమాల, చదువు. రాత్రి ప్రార్థన ముగిశాక మర్నాటి పూజ వరకు మౌనం పాటించాలి. మొదటి వారం ఆ మౌనంలో దుప్పటి కప్పుకుని రోజూ ఏడ్చాను. పక్క మంచం మీది కుర్రవాడూ ఏడుస్తున్నాడని నాలుగో రాత్రి తెలిసింది. మాట్లాడకూడదు కదా, వాళ్లమ్మ పెట్టిన డబ్బాలోంచి ఒక సున్నుండ తీసి చీకట్లో నా చేతిలో పెట్టాడు. వెళ్ళిపోయిన స్నేహితుడన్నానే, వాడే.

సంతోషాలూ అటువంటివే. ఎవరింటి నుంచి పచ్చడి జాడీ వచ్చినా ఆదివారానికల్లా ఖాళీ. మా గుంటూరు వైపువాళ్ల పండుమిరపకాయ పచ్చడికి మిగతా జిల్లాలవాళ్లు కళ్ల నీళ్లు పెట్టుకుంటూనే మళ్లీ అడుగుతారు. క్రిస్మస్ ముందు వెదురు బద్దలు చీల్చి నక్షత్రం కట్టడం, పశువుల పాకకు గడ్డి కోసం రైతుల దగ్గరకు వెళ్ళడం, రెండేళ్లు తడబడిన హార్మోనియం మీద ఒకనాడు పూజలో తప్పు లేకుండా పాట మొత్తం వాయించడం. ఇవి బయటివారికి చిన్నవిగా కనిపిస్తాయేమో, నేను మాత్రం వీటితోనే పెరిగాను.

ఒక ఫిబ్రవరిలో గుణదల ఉత్సవాల్లో సేవ చేశాను. 1924లో ఫాదర్ అర్లాటి గారు మాత స్వరూపాన్ని నిలిపిన ఆ కొండకు 9, 10, 11 తేదీల్లో జనం ఎలా వస్తారో మీకు తెలిసిందే. మెట్ల దగ్గర మంచినీళ్లు అందించడం నా పని. ఒక పెద్దావిడ, క్రైస్తవురాలు కాదు, నుదుట బొట్టు ఉంది, కొబ్బరికాయ కొట్టి వస్తూ ఒక చిప్ప నా చేతిలో పెట్టి "నీ చదువు చక్కగా సాగాలి నాయనా" అన్నది. ఆ రాత్రి నాకు పిలుపు గురించి ఏ సందేహమూ లేదు. వారం తర్వాత సందేహం మళ్లీ వచ్చింది. ఇప్పటికీ వస్తూ పోతూ ఉంటుంది.

1983 నాటి శ్రీసభ చట్టంలో 1026వ నిబంధన గురించి తరగతిలో విన్నరోజు మీ వంటి తల్లిదండ్రులు గుర్తుకొచ్చారు. పట్టం తీసుకోమని ఎవరినీ ఏ విధంగానూ బలవంతం చేయకూడదు, యోగ్యుడైనవాణ్ని అడ్డుకోనూ కూడదు అని రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. మొక్కు పేరుతో తొయ్యడమూ తప్పే, భయంతో ఆపడమూ తప్పే. అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీ వాడు ఎప్పుడైనా ఫోను చేసి "అమ్మా, వచ్చేస్తాను" అంటే "బస్సెక్కు, స్టాండుకు వస్తాం" అని మీరిద్దరూ వెంటనే అనగలరా? అనగలిగితే ఈ జూన్‌లోనే పంపండి. అనలేకపోతే డిగ్రీ అయ్యాక పంపినా అన్నయ్యకు జరిగిందే జరుగుతుంది.

గణితం చెప్పే అధ్యాపకురాలు, విజయవాడ:

మాస్టారు ఒక లియో పాపుగారి మాట తెచ్చారు కాబట్టి నేను ఇంకొకరి మాట తెస్తాను. 2025 మే 8న ఎన్నికైన పద్నాలుగవ లియో పాపుగారు అగస్టీనియన్ మఠ సభవారి మైనర్ సెమినరీలోనే చదివి 1973లో హైస్కూలు పూర్తిచేశారు. కానీ అక్కడి నుంచి నేరుగా ఆ సభలో చేరలేదు. విల్లనోవా విశ్వవిద్యాలయంలో గణితంలో డిగ్రీ తీసుకుని 1977లో నొవిషియేట్‌లో, అంటే సభలోని తొలి శిక్షణలో చేరారు. గురుపట్టం 1982లో. కాబట్టి ముందు వెళ్ళడం, డిగ్రీ చదవడం ఒకదానికొకటి అడ్డు కావు.

నా ఆందోళన వేరే. ఇంటర్‌లో మీ అబ్బాయికి ఏ గ్రూపు ఇస్తారు? లెక్కల మీద ఇష్టమున్న పిల్లవాడు అందరితో పాటు ఉంటాడని వేరే గ్రూపులో కూర్చుంటే, రేపు తిరిగి వచ్చినప్పుడు ఇంజనీరింగ్ తలుపు మూసుకుపోయి ఉంటుంది. తిరిగి రావడం సిగ్గు కాదని అందరం అంటున్నాం సరే, వచ్చాక ఏం చదువుతాడో కూడా ఇప్పుడే చూసుకోవాలి. చేర్చే ముందు ఈ సంగతి స్పష్టంగా అడగండి.

ఒక గురువు గారి అక్క, గుంటూరు:

ఒక్కడే కొడుకన్నారు, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. మా తమ్ముడూ ఒక్కడే. వాడు మేత్రాసన గురువు, అంటే బిషప్ గారి కింద పనిచేసేవాడు. వారికి బ్రహ్మచర్యం, మేత్రాణులకు (బిషప్ గారికి) విధేయత ఉంటాయి గానీ, మఠ సభలవారిలాగా పేదరికపు వ్రతం ఉండదు. అందుకని అమ్మ మందులకు తనకు వచ్చేదాంట్లోంచి ఇవ్వగలిగాడు. ఏదో ఒక సభలో చేరి ఉంటే సొంతమని చెప్పుకునేది ఏమీ ఉండేది కాదు. మీ వాడు మేత్రాసనానికా, సభకా అన్నది ముందు తెలుసుకోండి.

అయితే డబ్బు ఒక్కటే కాదు కదా. అమ్మ మంచం పట్టిన రెండేళ్లూ స్నానం చేయించింది, అన్నం తినిపించింది నేను. తమ్ముడు నెలకోసారి వచ్చి దివ్యసత్ప్రసాదం ఇచ్చి, కాసేపు కాళ్లు పట్టి వెళ్ళేవాడు. ఊరంతా "ఎంత మంచి కొడుకు" అనేది. నిజంగా మంచివాడే. నాకు మాత్రం కోపం వచ్చిన రోజులున్నాయి, ఆ కోపాన్ని గురువు దగ్గర పాపసంకీర్తనంలో ఒప్పుకున్న రోజులూ ఉన్నాయి. వాడు వెళ్తానన్నప్పుడు నన్నెవరూ అడగలేదు. ఇంతమందిమి రాశాం, మీ అమ్మాయి ఏమంటోందని ఒక్కరం అడగలేదు. ఆమెను అడిగారా?

మీ అత్తగారికి నా మాటగా చెప్పండి. మొక్కు తీర్చుకోవాలంటే ఆమె తన తలనీలాలు ఇవ్వవచ్చు. మనవడి జీవితం ఆమెది కాదు.

ఉపదేశి:

బాబూ, నువ్వు లెక్క అడిగావు. నాలుగు రోజులు కూర్చుని గుర్తు చేసుకున్నాను. నా చేతుల మీదుగా 11 మంది వెళ్ళారు. ముగ్గురు నిలిచారు. తిరిగి వచ్చిన ఎనిమిది మందిలో ఆరుగురి ఇళ్లకు నేను మళ్లీ వెళ్ళనే లేదు. వెళ్ళేటప్పుడు ప్రార్థన చేసి పంపినవాణ్ని, వచ్చినప్పుడు ఆ గడప తొక్కలేదు. నిన్న ఒకరి ఇంటికి వెళ్ళాను. మిర్చి యార్డులో పనిచేస్తున్నాడు. కుర్చీ వేసి టీ ఇచ్చాడు. అతని కూతురికి జపమాల వచ్చు, తండ్రే నేర్పాడట. నేను ఎక్కువ మాట్లాడలేకపోయాను.

మొక్కు విషయంలో నేనన్నది తప్పు. వయసు విషయంలో మాత్రం నా అభిప్రాయం అదే. చిన్నప్పుడు వెళ్ళడమే మంచిది.

గుంటూరు తల్లి:

అందరికీ వందనాలు. అమ్మాయిని అడగలేదు, అది నిజం. ఆ రాత్రే అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "వెళ్ళనివ్వు అమ్మా. కానీ సెలవులకు వచ్చినప్పుడు వాణ్ని చుట్టంలా చూడొద్దు, ఇంటి పని వాడికీ పంచు" అన్నది. రేపు మాకు బాగోలేనప్పుడు వాడు ఏం చేయగలడో ఆ మాట కూడా ఇప్పుడే వాడితో మాట్లాడాలన్నది. మాట్లాడుతున్నాం.

వేదశాస్త్రం చదువుతున్న బ్రదర్ గారు చెప్పిన బస్సు మాట వాడితో అన్నాను. "ఎప్పుడైనా సరేనా?" అని రెండుసార్లు అడిగాడు. వాడికీ భయం ఉందని అప్పుడు తెలిసింది నాకు. ఇన్నాళ్లూ మేమే భయపడుతున్నామనుకున్నాను. విచారణ గురువులను కలిసి, వెళ్ళినా దండలు, సన్మానం వద్దని బతిమాలాను. ఆయన సరేనన్నారు. మేత్రాసనానికే అని కూడా ఆయనే చెప్పారు. అత్తగారు రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.

మావారు ఇంకా ఒప్పుకోలేదు. కాకపోతే శనివారం వాణ్ని వెంటబెట్టుకుని సెమినరీ చూసి వస్తానన్నారు, అది నేను అనుకోలేదు. ఎంపీసీ చదవనిస్తారా అన్నది మొదట అడగమని కాగితం మీద రాసి ఆయన జేబులో పెట్టాను. వాళ్లు తిరిగి వచ్చాక రాస్తాను.