ఊరికి కంపెనీ పేరు పెట్టుకోవడం సబబేనా? కొరోమో టయోటా అయిన వైనం

పాతపటం:
జపాన్‌లోని ఐచి ప్రాంతంలో కొరోమో అని ఒక ఊరుండేది. ఆ మాటకు వాళ్ల భాషలో వస్త్రమని అర్థం. పట్టుపురుగులు పెంచి, పట్టు అమ్ముకుని బతికిన ఊరికి తగిన పేరే. పట్టుకు గిరాకీ పడిపోయి దిక్కుతోచని రోజుల్లో, 1938లో అక్కడ టయోటా కార్ల కర్మాగారం వెలిసింది. 1951లో కొరోమో నగరమైంది. ఎనిమిదేళ్లయినా నిండకుండానే, 1959 జనవరి 1న, పేరు టయోటాగా మార్చేశారు. అన్నం పెట్టినవాడికి దణ్ణం పెట్టాలి, సరే. ఇంటిపేరు కూడా మార్చుకోవాలా? నా లెక్కలో అది తప్పే. మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
ఆవేశం తగ్గించండి. కొరోమో అని రాసే రెండు చిత్రాక్షరాలను పొరుగూరివాళ్లు సరిగా చదవలేకపోయేవారు. నగానో ప్రాంతంలోని కొమోరోతో తికమక ఒకటి. పేరు మార్చమని అడిగింది స్థానిక వర్తక సంఘమే. పైగా కంపెనీ తన పేరును కటకానా అనే, అర్థం లేకుండా ఉచ్చారణను మాత్రమే చూపే లిపిలో, ఎనిమిది గీతల్లో రాసుకుంటుంది. ఊరు మాత్రం చిత్రాక్షరాల్లో రాస్తుంది. వాటికి అర్థం ‘సిరిగల పొలం’. వరి పండే నేలకు ఇంతకంటే మంచి పేరు మీరు చెప్పండి!

పాతపటం:
మాస్టారూ, ఆ అక్షరాలు కంపెనీ పెట్టిన తొయోదా కుటుంబం ఇంటిపేరువి. పొలాన్ని చూసి ఎవరూ ఆ పేరు పెట్టలేదు.

నాగొయా నుంచి:
పొలం మాట వచ్చింది కాబట్టి చెబుతాను. యహాగి నది నీటిని పొలాలకు మళ్లించే మేజీ కాలువ 1880 నాటిది. దాని ఆనకట్ట ఈ నగరంలోనే ఉంది. అదే నీరు కర్మాగారాలకూ పోతుంది. 2022 మే నెలలో, సరిగ్గా నాట్ల వేళ, ఆనకట్ట అడుగున బొరియ పడి నీరంతా కిందికి జారిపోయింది. పంపులు పెట్టి తోడిన నీరు ముందుగా వెళ్లింది కర్మాగారాలకు. మడులు ఎదురుచూశాయి. ‘సిరిగల పొలం’ ఎవరిదో ఆ రోజు తేలిపోయింది. అయితే పాతపటం గారూ, కొరోమో చచ్చిపోలేదు. అక్టోబరులో కొరోమో ఉత్సవానికి వెళ్లాను. ఎనిమిది రథాలు. పైనుంచి గుప్పిళ్లతో చల్లిన కాగితపు ముక్కలు ఇంటికొచ్చాక కూడా చొక్కా కాలరులోంచి రాలాయి.

గోదారి గట్టు:
నాకు 1959 కంటే 2005 ఎక్కువ బాధ. అసుకె లాంటి ఆరు చుట్టుపక్కల ఊళ్లను ఆ ఏడు నగరంలో కలిపేశారు. ఇప్పుడు నగరంలో దాదాపు డెబ్భై శాతం అడవే! ఎర్రబారిన మేపుల్ చెట్ల కింద కూర్చున్న అసుకె ముసలాయన చిరునామాలో కూడా టయోటాయే. ఆయన అడిగాడా?

లెక్కల మాస్టారు:
మన కాగజ్‌నగర్ కూడా మిల్లు వల్ల వచ్చిన పేరే కదా?

పాతపటం:
అది కాగితం పేరు, యజమాని పేరు కాదు. 2014లో మిల్లు ఆగినప్పుడు ఆ ఊరు పడిన పాట్లు చూశాక కూడా మీకు భయం వేయలేదా? టయోటాకు 1960 నుంచి సోదర నగరం ఏదో తెలుసా? డెట్రాయిట్. 2013లో అది దివాలా తీసింది.

నాగొయా నుంచి:
ఆ కంపెనీ ప్రధాన కార్యాలయం చిరునామా ఎప్పుడైనా చూశారా? టయోటా నగరం, టయోటా పేట, ఒకటో నంబరు. మొదటిది చిత్రాక్షరాల్లో, రెండోది కటకానాలో. మాస్టారి వాదన, పాతపటం వాదన, రెండూ ఒకే కవరు మీద.