బహ్రెయిన్‌లో శుక్రవారం సెలవు, ఏం చూడమంటారు?

కొత్తగా వచ్చిన తమ్ముడు:
అందరికీ నమస్కారం. మాది జగిత్యాల దగ్గర. మనామా వచ్చి మూడు వారాలైంది, శుక్రవారం ఒక్కటే సెలవు. మాల్స్ తిరిగి తిరిగి విసుగొచ్చింది. ఇక్కడ పాత కోటలు, గుళ్లు ఏమన్నా ఉన్నయా? రూంలో వాళ్లు "ఇసుక తప్ప ఏముంది ఈడ" అంటున్నరు.

పదకొండేళ్లుగా ఇక్కడున్న అన్న:
ఆ ఇసుక కిందే ఉంది తమ్ముడూ అసలు సంగతి. ముందు ఖల్అత్ అల్ బహ్రెయిన్‌కి పో. మనవాళ్లు పోర్చుగీసు కోట అంటారు గానీ పోర్చుగీసువాళ్లు వచ్చింది చాలా ఆలస్యంగా. కోట నిలబడ్డ దిబ్బ చూడు, అది కొండ కాదు. క్రీ.పూ. 2300 నుంచి క్రీ.శ. 16వ శతాబ్దం దాకా ఒక ఊరు కూలితే దానిమీదే ఇంకో ఊరు కట్టుకుంటూ పోగా లేచిన మట్టి. మీ వైపు పాటిగడ్డ అంటారే, అదే, కాకపోతే నాలుగు వేల ఏళ్లది. ఇరాక్‌లో ఒకప్పటి సుమేరు నాగరికత వాళ్ల మట్టి పలకల్లో కనిపించే దిల్మున్ రాజ్యం ఇదే. ఒమన్ రాగి, సింధు ప్రాంతపు సరుకు ఇక్కడ ఆగి ఇరాక్ వైపు వెళ్లేవి. ఇక్కడ దొరికిన తూకపు రాళ్లు మన సింధు తూకాల లెక్కకే సరిపోయాయి. షావుకార్ల లెక్క ఎక్కడైనా ఒకటే అనుకుంటా!

1954 నుంచి డెన్మార్క్ వాళ్లు తవ్వుతుంటే ఇళ్ల నేల కింద మట్టి గిన్నెలు దొరికాయి. మూత తీస్తే లోపల చుట్టలు చుట్టుకున్న పాము ఎముకలు, కొన్నిట్లో ఒక చిన్న ముత్యమో పూసో. మనామాలోని నేషనల్ మ్యూజియంలో అవి చూసినప్పుడు మా అమ్మ నాగులచవితికి పుట్టలో పాలు పోయడం గుర్తొచ్చి కాసేపు అక్కడే నిలబడిపోయాను. రెండింటికీ సంబంధం ఉందని కాదు, అలా అనిపించింది అంతే.

నేను చేసిన తెలివితక్కువ పని నువ్వు చెయ్యకు. జూలైలో మధ్యాహ్నం రెండింటికి వెళ్లి, గోడ నీడ వెతుక్కుంటూ పావుగంటలో బయటపడ్డాను. చలికాలమైతే ఎప్పుడైనా సరే, ఎండాకాలమైతే సాయంత్రమే. ఏ రోజు మూసి ఉంటుందో ముందే కనుక్కో.

ముహర్రఖ్‌లో ఉండే అక్క:
దిల్మున్ కాలంనాటి బార్బార్ గుడి మర్చిపోయారు అన్నయ్యా. ఒకదానిమీద ఒకటి మూడుసార్లు కట్టిన గుడి, పక్కన ఊటబావికి మెట్లు దిగుతాయి, అచ్చం మన కోనేరే. అక్కడ దొరికిన రాగి ఎద్దు తల మ్యూజియంలో ఉంది. ఆలీ అనే ఊరి వైపు వెళ్తే ఇళ్ల మధ్యలో మేడలంత దిబ్బలు కనిపిస్తాయి, దిల్మున్ రాజుల సమాధులు. ఆ పక్కనే కుమ్మరుల కొట్లు కూడా ఉన్నాయి తమ్ముడూ, కుండ కొనాలనిపిస్తే బేరం ఆడు.

మా ముహర్రఖ్‌లో ముత్యాల దారి అని 17 కట్టడాలు కలుపుతూ మూడున్నర కిలోమీటర్లు నడక. ఇక్కడి ముత్యాలు ఒకప్పుడు బొంబాయి బజారుకే వెళ్లేవి. జపాన్‌వాళ్లు పెంచి తీసే ముత్యాలు వచ్చాక ఆ వ్యాపారం పడిపోయింది, 1932లో ఇక్కడి నేలలో చమురు దొరికింది కాబట్టి సరిపోయింది. మసీదుల వైపు వెళ్లేటప్పుడు నిక్కర్లు వద్దు.

పదకొండేళ్లుగా ఇక్కడున్న అన్న:
ఇంకోటి. ఎడారి మధ్యలో ఒంటరిగా ఒక చెట్టుంది, ట్రీ ఆఫ్ లైఫ్ అంటారు. నాలుగు వందల ఏళ్ల పైబడిందంటారు. అందరూ ఫొటో దిగి వచ్చేస్తారు. దగ్గరికెళ్లి ఆకు చూడు, అది మన జమ్మి!

కొత్తగా వచ్చిన తమ్ముడు:
జమ్మి చెట్టా అన్నా? ఈడ? అయితే దసరాకి ఆడికే పోవాలె.

ముహర్రఖ్‌లో ఉండే అక్క:
వెళ్లు, కానీ ఆకు మాత్రం తెంపకు. దండం పెట్టుకుని వచ్చెయ్యి. బస్సు మీద ఆధారపడితే కష్టం, కారున్న వాళ్లెవరైనా ఇక్కడే చెప్పండి, నలుగురైతే పెట్రోలు పంచుకోవచ్చు.