‘నకిలీ రంగులు’ అనవచ్చా?

ఒక విజ్ఞాన వ్యాసంలో బొమ్మల కింద వివరణలు రాస్తున్నాను. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు తీసిన కారినా నెబ్యులా (వాయువులు, ధూళి నిండిన మేఘం) అందులో ఒకటి. ఇలాంటి బొమ్మలకు తర్వాత కేటాయించే రంగులను ఇంగ్లీషులో ‘ఫాల్స్ కలర్’ అంటారు. ఆ మాటను నాకు ముందు ఈ పని చూసినవారు ‘నకిలీ రంగులు’ అని తెలిగించారు. నకిలీ నోట్లు, నకిలీ విత్తనాలు గుర్తొచ్చి కలం కదలడం లేదు. ఇంతకంటే మంచి మాట ఉందా?

— ‘కృత్రిమ వర్ణాలు’ అనేయండి. పాఠ్యపుస్తకాల్లో చెల్లుతుంది.

— కృత్రిమం అన్నా అనుమానం పోదు. అక్కడ జరిగే పని చూసి మాట వెతుకుదాం. వెబ్ కెమెరాలోని సెన్సర్‌కు రంగులు తెలియవు. ఏ చుక్క మీద ఎంత కాంతి పడిందో లెక్కపెడుతుంది, అంతే. కొన్ని తరంగాలనే లోపలికి వదిలే ఒక ఫిల్టరు పెట్టి కొంతసేపు కాంతిని పడతారు, తర్వాత ఇంకొకటి పెడతారు. 2022 జులైలో విడుదలైన తొలి ‘డీప్ ఫీల్డ్’ (సుదూర గెలాక్సీల బొమ్మ) కోసం మొత్తం పన్నెండున్నర గంటలు కాంతిని పట్టారు. చేతికొచ్చేవన్నీ నలుపు తెలుపు బొమ్మలే. పైగా వెబ్ చూసేది 0.6 నుంచి 28 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మీటరులో పది లక్షల వంతు) పొడవున్న తరంగాల దాకా. మన కన్ను సుమారు 0.7 దగ్గరే ఆగిపోతుంది. మిగిలినదంతా పరారుణం. అందులో పొట్టి తరంగాలకు నీలం, నడిమివాటికి ఆకుపచ్చ, పొడవువాటికి ఎరుపు ఇస్తారు. వరుస తప్పదు. గొంతుకు అందనంత మంద్రంలో ఉన్న పాటను శ్రుతి పెంచి పాడినట్టన్నమాట. దాన్ని నకిలీ పాట అంటామా?

(పనిలో పని: పరారుణం అంటే అరుణానికి అవతలిది. ఇంగ్లీషు మాటలోని ‘ఇన్‌ఫ్రా’కు కింద అని అర్థం. పౌనఃపున్యం చూస్తే కింద, తరంగం పొడవు చూస్తే అవతల. రెండూ నిజమే.)

— అయితే ‘ఆరోపిత వర్ణాలు’? రూపకాలంకారంలో ఆరోపం, అంటే ఒకదాని మీద ఇంకొకదాన్ని మోపడం, ఉంది కదా.

— అలంకారశాస్త్రం చదివినవారు మెచ్చుకుంటారు. తక్కినవారు టెలిస్కోపు మీద ఎవరో కేసు పెట్టారనుకుంటారు.

— మారుపేరు ఉన్నప్పుడు ‘మారురంగు’ ఎందుకు ఉండకూడదు?

— మారువేషం కూడా ఉందండీ! మళ్ళీ మోసం దగ్గరికే వచ్చాం.

— మారువేషం గుర్తుపట్టకుండా వేసేది. ఈ రంగులు గుర్తుపట్టడానికి వేసినవి. 1995లో హబుల్ టెలిస్కోపు తీసిన ‘సృష్టి స్తంభాలు’ అనే నెబ్యులా బొమ్మ చూడండి. హైడ్రోజన్ కాంతి, గంధకం కాంతి రెండూ కంటికి ఎరుపే. అలాగే వదిలేస్తే ఏది ఏదో తెలియదు. అందుకని గంధకానికి ఎరుపు ఉంచి, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం ఇచ్చారు. అక్కడ కూడా తరంగాల వరుస చెడలేదు.

— అడిగినవాణ్ణి నేనే. ‘మారురంగులు’ అని రాసి, ఏ రంగు ఏ ఫిల్టరుదో పక్కనే ఇస్తాను. టెలిస్కోపు బొమ్మ ‘తీసింది’ అనాలా, ‘పట్టింది’ అనాలా అని ఇంకో సందేహం మొదలైంది. అది రేపు.