బ్రేక్ పెడల్ మెల్లగా నేలకు దిగిపోతోంది, ఆయిల్ మాత్రం చుక్క కూడా తగ్గలేదు

తెల్ల కారు:

నిన్న సాయంత్రం సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. బ్రేక్ మీద కాలు మామూలుగానే ఆనించి ఉంచాను. పెడల్ నా పాదం కింద జారుతూ జారుతూ, పది లెక్కపెట్టేలోపు నేలకు తగిలింది. కారు జానెడు ముందుకు కదిలింది. ముందున్న స్కూటర్ మీద ఒక తల్లి, ఆమె వెనక స్కూలు సంచితో ఒక పిల్లవాడు. టకటకా రెండుసార్లు తొక్కితే పెడల్ మళ్లీ పైకి వచ్చి పట్టుకుంది. హ్యాండ్‌బ్రేక్ లాగాను. ఇల్లు చేరేదాకా నా మోకాళ్ల వణుకు తగ్గలేదు.

కారు వయసు 11 ఏళ్లు. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ లేదు. నాలుగు రోజుల క్రితం ఒక వర్క్‌షాప్‌లో ముందు ప్యాడ్లు మార్చి, కొత్త బ్రేక్ ఆయిల్ పోసి, నాలుగు చక్రాల బ్రేక్ పైపుల్లోంచీ గాలి బుడగలు తీశారు. ఇవాళ పొద్దున చూపిస్తే "ఇంకా గాలి ఉండిపోయింది" అని మళ్లీ తీశారు. మార్పు లేదు. ఆయిల్ డబ్బా మీద పెన్నుతో గీత గీశాను, మట్టం గీత దగ్గరే ఉంది. కారు కింద పరిచిన అట్ట పొడిగా ఉంది. గట్టిగా తొక్కితే పెడల్ నిలుస్తోంది, మెత్తగా నొక్కి ఉంచితేనే దిగుతోంది. కారకుండా పెడల్ ఎలా దిగుతుంది? మరో మెకానిక్ దగ్గరికి మెల్లగా నడుపుకుంటూ వెళ్లవచ్చా?

పాత పానా:

ముందు రెండో ప్రశ్నకు జవాబు: వెళ్లవద్దు. మెల్లగా కూడా వద్దు. మెకానిక్‌నైనా ఇంటికి పిలిపించండి, కారునైనా లాగించుకుని వెళ్లండి.

ఇక కారడం సంగతి. బయటికి కారడం లేదు, లోపలే కారుతోంది. పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే భాగం మాస్టర్ సిలిండర్. అందులో పిస్టన్లకు రబ్బరు కప్పులు ఉంటాయి. తొక్కినప్పుడు కప్పు అంచు సిలిండర్ గొట్టం గోడకు ఒత్తుకుని ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టాలి. ఆ అంచు అరిగినా చిరిగినా ఆయిల్ దాని పక్కనుంచి వెనక్కి జారి మళ్లీ డబ్బాలోకే చేరుతుంది. అందుకే మీ గీత కదలలేదు. గట్టిగా తొక్కితే నిలవడానికి కూడా కారణం ఇదే: ఒత్తిడి పెరిగితే అంచు విచ్చుకుని గోడకు అతుక్కుంటుంది, తక్కువ ఒత్తిడిలో వదులుగా ఉండి ఆయిల్‌కు దారి ఇస్తుంది.

గాలి ఉంటే పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటుంది. పట్టి ఉంచినంత మాత్రాన ఇలా అంతకంతకూ దిగదు. రెండుసార్లు గాలి తీసినా మార్పు లేకపోతే మూడోసారి తీయడంలో అర్థం లేదు.

ఒకటి అడుగుతాను. గాలి తీసేటప్పుడు పెడల్‌ను నేల దాకా తొక్కారా? పాత కార్లకు ఈ పని చేస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. రోజూ పిస్టన్ తిరిగే మేర గొట్టం నున్నగా ఉంటుంది. దాని అవతల ఎప్పుడూ కప్పు వెళ్లని చోట ఏళ్ల తరబడి మడ్డి, తుప్పు పేరుకుని ఉంటాయి. నేల దాకా తొక్కితే కప్పు వెళ్లి ఆ గరుకు మీద గీసుకుంటుంది. నేనైతే పెడల్ కింద చెక్క ముక్క పెట్టి గాని ఎవరినీ తొక్కనివ్వను.

నిర్ధారణకు ఇలా చేయండి. ఇంజిన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా ఐదారుసార్లు తొక్కండి. బూస్టర్ (ఇంజిన్ నడుస్తున్నప్పుడు మీ తొక్కుడుకు బలం కలిపే భాగం) సాయం పోతుంది. తర్వాత ఒకే బలంతో ఒక నిమిషం నొక్కి ఉంచండి. అప్పుడూ దిగితే తప్పు హైడ్రాలిక్స్‌లోనే, అంటే ఆయిల్ ఒత్తిడి నడిచే భాగాల్లోనే. పెడల్ మీద కాలు ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు కొద్దిగా దిగి ఆగడం మాత్రం మామూలే, అది బూస్టర్ పనిచేస్తున్న గుర్తు.

కొండదారి డ్రైవర్:

వెనక డ్రమ్ములు కూడా చూడండి. లైనర్లకూ డ్రమ్‌కూ సందు ఎక్కువైతే పెడల్ లోతుకు వెళ్తుంది, రెండోసారి తొక్కితే పైకి వస్తుంది. ఆయిల్ మరిగినా దిగుతుంది. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. పొడవైన కొండదారి దిగుతుండగా నాకు అలా జరిగింది, చల్లారాక పెడల్ తిరిగి వచ్చింది. అయితే మీ ఆయిల్ కొత్తది, పైగా నిలబడి ఉన్న కారు.

పాత పానా:

సందు మాట నిజమే. కానీ సందు వల్ల లోతుకు వెళ్లిన పెడల్ అక్కడ ఆగుతుంది. ఈమెది ఆగకుండా జారుతోంది. తేడా అదే.

తెల్ల కారు:

పానా గారూ, అడిగి తెలుసుకున్నాను. నేల దాకానే తొక్కారట, రెండుసార్లూ.

ఇంజిన్ ఆపి పరీక్షించాను. నలభై సెకన్లలో దిగిపోయింది. మా అమ్మాయి పెడల్ నొక్కి ఉంచితే నేను డబ్బా మూత తీసి టార్చి వేసి చూశాను. పెడల్ దిగుతున్నంతసేపూ అడుగున సన్నని సుడి కనిపించింది, తేనెలో దారం కదిలినట్టు. పెడల్ నేలకు తగలగానే ఆగిపోయింది.

పాత పానా:

తొక్కిన మొదటి క్షణంలో చిన్న కదలిక సహజం. దిగుతున్నంతసేపూ సుడి ఉందంటే ఇక అనుమానం దాదాపు లేదు. మెకానిక్ వచ్చాక ఒక్క పని చేయించండి: మాస్టర్ సిలిండర్ నుంచి పైపులు విప్పి, సరైన మరల బిరడాలు బిగించి పెడల్ తొక్కమనండి. మంచి సిలిండర్ అయితే పెడల్ రాయిలా ఉంటుంది.

కప్పుల కిట్ మాత్రమే వేద్దామంటారేమో. గొట్టం లోపల గీతలు, గుంతలు ఉంటే కొత్త కప్పులు కూడా నిలవవు. మొత్తం సిలిండర్ మార్చండి. బిగించే ముందు వైస్‌లో పట్టి, ఆయిల్ పోసి, చిన్న గొట్టాలు తిరిగి డబ్బాలోకే పెట్టి, బుడగలు ఆగేదాకా పిస్టన్‌ను మెల్లగా నెట్టాలి. ఆ తర్వాత చక్రాలకు గాలి తీయడం, కారు పుస్తకంలో ఇచ్చిన వరుసలో. పెయింట్ మీద ఆయిల్ పడితే వెంటనే నీళ్లతో కడగండి, తినేస్తుంది.

పాతది విప్పినప్పుడు బూస్టర్ కలిసే చోట వేలితో తడిమి చూడండి. అక్కడ తడి ఉంటే వెనక సీలు కూడా పోయి ఆయిల్ బూస్టర్‌లోకి చేరుతున్నట్టు.

తెల్ల కారు:

బిరడాలు వేస్తే పెడల్ అలాగే దిగింది. సిలిండర్ మార్చారు. బూస్టర్ వైపు పొడిగానే ఉంది. పాత పిస్టన్ తీసి నా చేతిలో పెట్టారు: ముందు కప్పు అంచున గోరు అంత మేర రబ్బరు చీరుకుపోయి ఉంది, వేలికి నల్లటి పొడి అంటింది. గొట్టంలోకి టార్చి వేస్తే చివరన గోధుమరంగు పట్టీ, దాని మీద గీతలు.

ఇప్పుడు ఇంజిన్ నడుస్తుండగా రెండు నిమిషాలు నొక్కి ఉంచాను. పెడల్ కదల్లేదు. చెక్క ముక్క ఒకటి కోసి డిక్కీలో పెట్టుకున్నాను.