గ్రంథంలో మార్పులు జరిగాయంటే దేవుడు లేనట్టేనా?

కృష్ణాతీరం:
పోయిన నెల నానమ్మ సంవత్సరీకానికి ఊరెళ్ళాం. సాయంత్రం ఆవిడ పెట్టె సర్దుతుంటే రోజూ చదువుకునే భగవద్గీత దొరికింది. అట్ట ఊడిపోయింది, కుట్లు వదిలేశాయి, పేజీల మూలల్లో పసుపు మరకలు. మా మేనత్త దాన్ని, తన ఫోన్‌లో ఉన్న గీతని పక్కపక్కన పెట్టి చూసింది. ఫోన్‌లో పదమూడో అధ్యాయానికి 34 శ్లోకాలు, నానమ్మ పుస్తకంలో 35. మొదట్లోనే అర్జునుడి ప్రశ్న ఒకటి ఎక్కువ ఉంది. ప్రకృతి, పురుషుడు, క్షేత్రం, క్షేత్రజ్ఞుడు అంటే ఏమిటో తెలుసుకోవాలని ఉంది కేశవా, అని. ఆ శ్లోకం పక్కన పెన్సిల్‌తో చిన్న గీత కూడా ఉంది.

మా బావ నాస్తికుడు. "దేవుడే స్వయంగా చెప్పాడంటారు, ఎన్ని శ్లోకాలు చెప్పాడో మాత్రం లెక్క తేలదు. ఎవరో రాశారు, ఇంకెవరో కలిపారు. ఆ దేవుణ్ణి కూడా అలాగే కల్పించారు" అన్నాడు. పెదనాన్న "అమ్మ సంవత్సరీకం పూట మాట్లాడే మాటలేనా ఇవి" అని లేచి వెళ్ళిపోయారు. రాత్రి భోజనానికి కూడా రాలేదు. ఇద్దరికీ ఇప్పటిదాకా మాటల్లేవు.

నేను దేవుణ్ణి నమ్ముతాను. కానీ బావ అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్ళు తిట్టుకోకుండా చెప్పండి.

బెజవాడ హేతువాది:
మీ బావ అన్న పూట సరైంది కాదు గానీ, అన్నమాటలో తప్పు లేదండీ. ఒక్క శ్లోకంతో ఆగదు ఇది. పుణెలో పాత గ్రంథాల మీద పరిశోధన చేసే భండార్కర్ సంస్థవాళ్ళు 1919లో మొదలుపెట్టి, దేశమంతటి నుంచీ 1,259 భారత వ్రాతప్రతులు తెప్పించి, పోల్చి చూసి, 1966కి సంశోధిత ప్రతి, అంటే ప్రతులన్నీ పోల్చి తేల్చిన పాఠం, పూర్తి చేశారు. లక్ష శ్లోకాల భారతం అంటాం కదా, అందులో 73,000 పైచిలుకు మాత్రమే ప్రధాన పాఠంలో నిలిచాయి. వ్యాసుడు చెబుతుంటే వినాయకుడు రాశాడన్న కథ లేదు. నిండు సభలో ద్రౌపది కృష్ణుణ్ణి వేడుకునే శ్లోకాలు కూడా లేవు. చీరలు వస్తూ ఉంటాయి, ఎవరిచ్చారో చెప్పలేదు. మనం చిన్నప్పటి నుంచీ కేలండర్ల మీద చూసిన బొమ్మ ఏమైనట్టు? మనుషులు ఇంతగా చెయ్యి చేసుకున్న పుస్తకాన్ని దేవుడికి సాక్ష్యంగా ఎలా తెస్తారు?

ఘనపాఠి కొడుకు:
ఇతిహాసాన్నీ వేదాన్నీ ఒకే గాటన కట్టకండి. భారతం కథ చెప్పేవాళ్ళ నోట పెరిగింది, అది ఎవరూ కాదనరు. వేదం సంగతి వేరు. నాకు ఏడేళ్ళప్పుడు నాన్నగారు నా తల మీద చెయ్యి వేసి, అనుదాత్తం అనే స్వరం వస్తే కిందకి వంచేవారు, స్వరితం అనే స్వరం వస్తే పైకి లేపేవారు. మెడ నొప్పి పుట్టేది. ఘన అనే పద్ధతిలో వేదం చెప్పడమంటే మొదటి మాట రెండో మాట, వెనక్కి రెండు ఒకటి, తర్వాత ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, మళ్ళీ ఒకటి రెండు మూడు. అలా మంత్రమంతా జరుపుకుంటూ పోవాలి. ఒక్క అక్షరం జారితే పక్కన కూర్చున్నవాడు పట్టేస్తాడు. కాగితం లేకుండా వేల ఏళ్ళు అలా నిలబడింది. 2003లో యునెస్కో కూడా ఈ సంప్రదాయాన్ని గుర్తించింది. మార్పులు జరిగాయి కాబట్టి దేవుడు లేడు అంటే, మార్పు లేని చోట ఉన్నాడని ఒప్పుకుంటారా?

గుంటూరు విశ్వాసి:
నేను క్రైస్తవుణ్ణి. ఈ ప్రశ్న మాకూ ఉంది. 1947 నుంచి మృత సముద్రం పక్కన కుమ్రాన్ గుహల్లో దొరికిన పాత వ్రాతప్రతుల చుట్టల్లో బైబిల్లోని యెషయా గ్రంథం పూర్తిగా ఉంది. అంతకు ముందు తెలిసిన పూర్తి హీబ్రూ ప్రతుల కంటే అది వెయ్యేళ్ళు పాతది. పోల్చి చూస్తే చిన్నచిన్న తేడాలున్నా గ్రంథం అదే. అది చదివినప్పుడు సంతోషంతో నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.

కానీ రెండో వైపు కూడా చెప్పాలి. మార్కు సువార్త చివరి అధ్యాయంలో 9 నుంచి 20 వరకు ఉన్న వచనాలు, నాలుగో శతాబ్దపు సీనాయి, వాటికన్ అనే బైబిలు వ్రాతప్రతులు రెండింటిలోనూ లేవు. వాటిలో స్త్రీలు సమాధి దగ్గర నుంచి భయపడి పారిపోవడంతో సువార్త ఆగిపోతుంది. నమ్మినవాళ్ళు పాముల్ని పట్టుకుంటారు, విషం తాగినా ఏమీ కాదు, రోగుల మీద చేతులుంచితే బాగవుతారు అన్న మాటలు ఆ పన్నెండు వచనాల్లోనివే. మా పిన్ని ఒక స్వస్థత కూటంలో ఆ వచనం విని షుగర్ మాత్రలు మానేసింది. నెల తిరక్కుండా ఐసీయూలో చేర్చాం. బతికింది, దేవునికి స్తోత్రం. ఇవి పాత ప్రతుల్లో లేవని ఆ వచనం కింద ఒక చిన్న గమనిక ఉంటుందని ఆ రోజు ఎవరైనా ఆమెకు చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధపడతాను. పాఠాంతరాలు, అంటే ప్రతికీ ప్రతికీ మధ్య తేడాలు, పండితులకే వదిలేసే సంగతి కాదు.

మీమాంస చదువరి:
కృష్ణాతీరం గారూ, మీ ఇంట్లో రెండు వేర్వేరు ప్రశ్నలు ఒకే ముడి పడ్డాయి. పుస్తకం నమ్మదగిందా అన్నది ఒకటి, దేవుడున్నాడా అన్నది ఇంకొకటి. ఈ ముడి మన పాతవాళ్ళు ఎప్పుడో విప్పారు.

ఏడో శతాబ్దంలో కుమారిలభట్టు అనే మీమాంస పండితుడు ఉన్నాడు. వేదానికి ఆయన కంటే గట్టిగా కాపు కాసినవాడు లేడు. అయినా జగత్తుకి సృష్టికర్త ఉన్నాడంటే ఆయన ఒప్పుకోడు. దయతో సృష్టించాడంటారా, సృష్టికి ముందు దయ చూపడానికి ప్రాణులే లేవు కదా? దయే కారణమైతే ఇన్ని దుఃఖాలెందుకు? ఇవి ఆయన అడిగినవే. మరి వేదం ప్రమాణం ఎందుకయింది? దాన్ని ఎవరూ రాయలేదు కాబట్టి. రాసినవాడు లేకపోతే రాసినవాడి లోపం కూడా ఉండదు అని ఆయన వాదం. అంటే గ్రంథం ఉంది, దానికి దేవుడు కర్త కాడు. నైయాయికులు, అంటే న్యాయదర్శనం వాళ్ళు, దీనికి సరిగ్గా ఎదురు నిలబడ్డారు. మాట నమ్మాలంటే చెప్పినవాడు ఆప్తుడై, అంటే నమ్మదగినవాడై, ఉండాలి, వేదం చెప్పినవాడు ఈశ్వరుడు కాబట్టి అది ప్రమాణం అన్నారు. వాళ్ళలో ఉదయనుడు ఈశ్వరుణ్ణి నిరూపించడానికి న్యాయకుసుమాంజలి అని గ్రంథమే రాశాడు. కేవలం 'వేదంలో ఉంది' అని ఊరుకోలేదు, కుండ ఉంటే కుమ్మరి ఉన్నట్టు జగత్తుకీ కర్త ఉండాలని తర్కంతో వాదించాడు.

బావగారు అడిగిన ప్రశ్న కూడా కొత్తది కాదు. నైయాయికుల మూలగ్రంథం న్యాయసూత్రాల్లోనే పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదం, ఉంది: వేదంలో అసత్యం, వైరుధ్యం, పునరుక్తి ఉన్నాయి కాబట్టి అది ప్రమాణం కాదు అని. పుత్రకామేష్టి చేసినా కొడుకు పుట్టలేదే అన్నది అసత్యానికి ఉదాహరణ. ఆ ప్రశ్న వేసినవాణ్ణి గెంటెయ్యలేదు. సూత్రంగా రాసుకుని, దాని కిందే జవాబు రాసుకున్నారు. జవాబు మనకి నచ్చుతుందా లేదా అన్నది వేరే సంగతి. నాకైతే ఇష్టి ఫలించకపోవడానికి చేసిన పనిలోనో, చేసినవాడిలోనో, వాడిన సాధనాల్లోనో ఉన్న లోపమే కారణమన్న సమాధానం బలహీనంగానే కనిపిస్తుంది.

ఇక హేతువాది గారికి ఒక మాట. సభాపర్వంలో ఆ ప్రార్థన లేదన్నది నిజమే. కానీ అదే భండార్కర్ ప్రతిలో ఉద్యోగపర్వం చూడండి. కృష్ణుడు సంజయుడితో అంటాడు: దూరాన ఉన్న నన్ను ద్రౌపది 'గోవిందా' అని పిలిచింది, ఆ అప్పు పెరిగిపోయి నా గుండెల్లోంచి పోవడం లేదు, అని. నేను ఆ శ్లోకం మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. పిలుపు కథలో ఉంది, సభలో చెప్పలేదు. తర్వాతివాళ్ళు ఆ ఖాళీ చూసి నింపారని నేననుకుంటాను. దీన్ని మోసం అనడానికి నాకు నోరు రాదు. పైగా ఇది వ్యాసుడి మూల గ్రంథమని ఆ సంపాదకులు కూడా అనలేదు. ఉన్న ప్రతుల్ని బట్టి చేరుకోగలిగిన పాత రూపం అని మాత్రమే అన్నారు.

ఘనపాఠి కొడుకు గారూ, మీ నాన్నగారికి నా నమస్కారాలు. కానీ అక్షరం జారకుండా రావడం వేరు, అందులో చెప్పింది నిజం కావడం వేరు కదండీ. అబద్ధాన్ని కూడా ఘన చెప్పి కాపాడవచ్చు.

బెజవాడ హేతువాది:
ఉద్యోగపర్వం సంగతి నాకు తెలియదు. నేను సగమే చెప్పానన్నమాట, ఒప్పుకుంటున్నాను. శ్లోకాల లెక్క తప్పినంత మాత్రాన దేవుడు లేడని తేలదు, అదీ సరే. నాస్తిక ఉద్యమకారుడు గోరా గారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో బెజవాడకి మార్చారు. మా తాతగారు ఆయన సభలకు వెళ్ళేవారు. అక్కడ ఎవరూ శ్లోకాలు లెక్కపెట్టలేదట. మనిషి తన బతుక్కి తానే బాధ్యుడనీ, అంటరానితనం పోవాలనీ మాట్లాడేవారట. నా నాస్తికత్వం కూడా అక్కణ్ణుంచే వచ్చింది.

కానీ వీధిలో కుమారిలుడు లేడండీ. 'రాసి ఉంది' అన్న ఒక్క మాటతో మనుషుల్ని గుడి బయట నిలబెట్టారు. తపస్సు చేసిన శూద్రుడు శంబూకుడి తల రాముడు ఎందుకు నరికాడని అడిగితే, రామాయణంలో ఉత్తరకాండ ప్రక్షిప్తం, తర్వాత ఎవరో కలిపింది అంటారు. పుష్పకవిమానం దగ్గరికొచ్చేసరికి అక్షరం అక్షరం నిజం అంటారు. ఏది నమ్మాలో ముందే తేల్చుకుని, నచ్చనిది ఎవరో కలిపారని తోసేస్తే ఎలా? ప్రక్షిప్తమా కాదా అన్నది వ్రాతప్రతులు చూసి చెప్పాలి, మన ఇబ్బందిని బట్టి కాదు.

ఘనపాఠి కొడుకు:
ఆఖరి మాట ఒప్పుకోక తప్పదు. మావాళ్ళు కూడా అలా చేయడం చూశాను, నేనూ చేశాను. చదువరి గారు అన్నది కూడా రెండు రోజులుగా బుర్రలో తిరుగుతోంది. నాన్నగారు స్వరం నేర్పారు గానీ అర్థం చెప్పలేదు. ఆయనకు అర్థం తెలియాల్సిన అవసరం కూడా పడలేదు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాక, ముప్పై దాటాక, అర్థంతో చదవడం మొదలుపెట్టాను. ఋగ్వేదంలో సృష్టి గురించి చెప్పే నాసదీయ సూక్తం దగ్గర ఆగిపోయాను. ఈ సృష్టి ఎక్కణ్ణుంచి వచ్చిందో పైనున్న అధ్యక్షుడికి తెలుసు, లేదా ఆయనకీ తెలియదేమో, అని ముగుస్తుంది అది. ఏడేళ్ళ వయసులో ఆ మాటల్ని ఎన్నిసార్లు గట్టిగా చెప్పానో. నాకు నమ్మకం పోలేదు. కానీ 'మార్పు లేదు కాబట్టి నిజం' అని ఇక వాదించను.

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. బావకి, పెదనాన్నకి ఇదంతా చదివి వినిపించాను, వేర్వేరుగానే. ఉద్యోగపర్వం శ్లోకం దగ్గర పెదనాన్న మళ్ళీ చదవమన్నారు. బావ శంబూకుడి మాట దగ్గర "అదే నేననేది" అన్నాడు. ఇంకా మాట్లాడుకోలేదు గానీ, ఆదివారం బావ వస్తానంటే పెదనాన్న వద్దనలేదు.

ఆ పెన్సిల్ గీత సంగతి నిన్న మేనత్తని అడిగాను. నానమ్మకి ఆ తేడా ఎప్పటి నుంచో తెలుసట. రామాలయంలో పదిమందితో కలిసి పారాయణ చేసేటప్పుడు, వాళ్ళ పుస్తకాల్లో ఉండదు కాబట్టి ఆ శ్లోకం వదిలేసేదట. ఇంట్లో ఒక్కతే చదువుకునేటప్పుడు చదివేదట.