సమస్యాపూరణం: కాజ కొరికినంత కాజ చినిగె

*నిర్వాహకురాలు:* ఆటవెలది చివరి పాదం ఇస్తున్నాను. మిగతా మూడూ మీవి. ఇందులో ఒక కాజ తినేది, ఇంకొకటి చొక్కాకు గుండీ దూర్చేది.

*కాజ కొరికినంత కాజ చినిగె*

చిన్నప్పుడు కాకినాడ మెయిన్‌రోడ్డులో సంక్రాంతి బట్టలు కొన్నాక నాన్న గొట్టం కాజా ఇప్పించేవారు. పైన కరకర, లోపలంతా పాకం. బట్టల కన్నా నాకు దాని కోసమే ఆరాటం.

కాకినాడ సభ్యుడు:

కొత్త చొక్క తొడిగి కొనిపించుకొంటిని
గొట్టమంటి తీపి గోల చేసి;
పాకముబికి జారె; పైగుండి లాగితి;
కాజ కొరికినంత కాజ చినిగె.

*నిర్వాహకురాలు:* చాలా బాగుంది. కాజా పేరు చివరిదాకా దాచి ‘గొట్టమంటి తీపి’ అన్నారు, సమస్యకు అదే బలం. పాకం కాలర్లోకి జారితే గుండీ లాగకుండా ఎవరుంటారు!

మండపేట మాస్టారు:

సంత చూసి వస్తు తాపేశ్వరమునందు
మడత నొకటి కొనిరి మాకు నాన్న;
చొక్క పట్టి లాగె సోదరి వాటాకు;
కాజ కొరికినంత కాజ చినిగె.

*నిర్వాహకురాలు:* మాస్టారూ, మొదటి పాదంలో యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి) తప్పింది. ‘సం’కు ‘తా’ చెల్లదు. ‘వస్తూ’ను కుదించడమూ నాకు నచ్చలేదు. ‘తల్లి వెంట నడిచి తాపేశ్వరమునందు’ అంటే రెండూ సర్దుకుంటాయి. మూడో పాదంలో చొ–సో యతి మాత్రం చక్కగా కుదిరింది.

*కాకినాడ సభ్యుడు:* ఒక సందేహం. మడత కాజా పొరలు పొరలుగా విడుతుంది కదా, పంచుకోవచ్చు. పోట్లాట రావాల్సింది మా గొట్టం కాజాకండీ, విరిస్తే పాకమంతా నేలపాలు.

*మాస్టారు:* యతి సవరణ తీసుకున్నానమ్మా. బాబూ, మా చెల్లికి పొర ఇస్తే ఒప్పుకునేది కాదు. మొదటి కొరుకు తనదే కావాలి.

పిఠాపురం సభ్యురాలు:

కాజ కుట్టి తల్లి కాసులు కూర్చెను;
సంతకేగి తీపి చవిని చూపె;
గంతులేయ గుండి గట్టిగా తగులంగ
కాజ కొరికినంత కాజ చినిగె.

మా అమ్మ టైలర్లకు ఇంట్లోనే కాజాలు కుట్టి, బొత్తాలు వేసి ఇచ్చేది. ఆ డబ్బుతోనే నాకూ తమ్ముడికీ కాజా కొనేది. తను తినగా నేను చూడలేదు.

*నిర్వాహకురాలు:* యతులన్నీ సరిపోయాయి. ‘తగులంగ’ తర్వాత ‘కొరికినంత’ రావడంతో అన్వయం కొంచెం తడబడింది. అయినా మొదటి పాదం చదివాక ఆ లోపం పట్టించుకోబుద్ధి కాలేదు. చినిగిన కాజా ఏమైందమ్మా?

*పిఠాపురం సభ్యురాలు:* ఆ రాత్రే మళ్ళీ కుట్టింది. టైలరుకు ఇవ్వాల్సిన చొక్కాలు పక్కన పెట్టి, ముందు మాది కుట్టింది.