24 బండ్లు ఒకే గుంపుగా పోవాలా, చీలి పోవాలా? ఆదివారం గండికోట రైడ్ మీద చర్చ

పెన్నా గట్టు

అందరికీ నమస్తే. వచ్చే ఆదివారం రైడ్‌కు బెంగళూరు నుంచి, హైదరాబాద్ నుంచి మన క్లబ్బు సభ్యులు వస్తున్నారు. శనివారం రాత్రికి కడపలో దిగుతారు. మనోళ్లతో కలిపి 24 బండ్లు. పొద్దున ఆరింటికి కడపలో బయల్దేరి కమలాపురం, ఎర్రగుంట్ల, ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా గండికోట. వీలైతే అక్కణ్నుంచి కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు. చీకటి పడకముందే ఇంటికి.

తేలనిది ఒకటుంది. మొన్న కూర్చున్నప్పుడు కొందరు 24 బండ్లూ ఒకే గుంపుగా పోవాలన్నారు, కొందరు ఆరేసి బండ్లుగా విడగొట్టమన్నారు. వచ్చేవాళ్లు కూడా చూస్తారు కాబట్టి ఇక్కడే తేల్చుకుందాం. నాకైతే విడగొట్టడమే మంచిదనిపిస్తోంది. కాదనేవాళ్లు ఎందుకో చెప్పండి.

బుల్లెట్ బాబాయ్

ఒకే గుంపు. అంత దూరం నుంచి పిల్లోళ్లు బండి తోలుకుంటూ వచ్చేది మనతో కలిసి తిరగడానికి. గండికోట చూడ్డమే పనైతే వాళ్లంతట వాళ్లే రాగలరు, మ్యాపు ఉంది, దారి ఉంది. ఆరేసి మందిగా వదిలితే ఎవరి ఊరోళ్లతో వాళ్లు పోతారు, సాయంత్రానికి ఒకరి పేరు ఇంకొకరికి తెలీదు.

పోయినసారి చీలి పోయినప్పుడు ఏమైందో మర్చిపోయినారా? వెనక గుంపులో ఒక బండికి పంచరైంది. ఫోన్లు కలవలేదు. ముందు పోయినవాళ్లు కోట దగ్గర గంటకు పైగా దారి చూసినారు. ఏమైందో ఏమోనని ఆ గంటసేపు పడిన కంగారు మళ్లీ నాకొద్దు. అందరం కళ్లెదుటే ఉంటే ఆ బాధ ఉండదు.

చివరి బండి

బాబాయ్, ఆ కంగారు నేనూ చూసినా. కానీ ఆ దారిలో 24 బండ్లు ఒకే గుంపుగా పోవడం కుదరని పని. ప్రతి రైడ్‌లోనూ స్వీప్‌గా, అంటే ఎవరూ తప్పిపోకుండా చూసుకుంటూ అందరికన్నా చివర వచ్చేది నేనే కాబట్టి, వెనక నుంచి ఎట్లా ఉంటుందో చెప్తా.

60 స్పీడులో బండి సెకనుకు 17 మీటర్ల దాకా పోతుంది. ముందు బండికీ మనకూ రెండు సెకన్ల ఎడం కావాలంటే 33 మీటర్లు. ఒకరి వెనక ఒకరం పోతే 24 బండ్ల వరుస 800 మీటర్లు సాగుతుంది. ఒకరు ఎడమకు, ఒకరు కుడికి మార్చి మార్చి పోయినా 400 మీటర్లు. మలుపుల్లో ఎట్లాగూ ఒకే వరుస పట్టాలి. కళ్లెదుటే ఉంటాం అంటున్నారు కానీ, మలుపు దాటినాక ముందున్నాయన వీపు కూడా వెనకోళ్లకు కనపడదు.

ఇంక లారీలు. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు లారీలు, నాపరాళ్ల లారీలు, బూడిద టిప్పర్లు ఎన్ని తిరుగుతాయో ఈ ఊరోళ్లకు చెప్పక్కర్లేదు. 40లో పోయే లారీని 60లో దాటాలంటే తొమ్మిది సెకన్లు పడుతుంది. ఆ తొమ్మిది సెకన్లలో మనం 150 మీటర్లు పోతాం, ఎదురుగా వచ్చేవాడు ఇంకో 150 వస్తాడు. ఒక్క బండి దాటడానికే ముందు 300 మీటర్లు ఖాళీ ఉండాల. అట్లా 24 సార్లు ఖాళీ దొరికేదెప్పుడు? ముందు నలుగురు దాటిపోతారు, అయిదో ఆయన ‘నేను వెనకబడిపోతానేమో’ అని ఎదురుగా ఏం వస్తోందో చూడకుండా దూకుతాడు. నాకు భయం ఆ అయిదో ఆయన గురించే. అతను ఈ దారి ఎరగని అతిథి అయితే మరీ భయం.

ఆరు బండ్లయితే ఒక లారీ వెనక రెండు నిమిషాలు ఓపికగా ఉండొచ్చు, ఎవరూ విడిపోరు. ఒక్కో గుంపుకు పది నిమిషాల తేడా పెడదాం. గుంపులో ముందు ఒకరు, వెనక ఒకరు మనోళ్లే ఉండాల. వెనకాయన దగ్గర పంచర్ కిట్టు, గాలి పంపు, క్లచ్ కేబులు, చైను లింకు ఉండాల. పోయినసారి పంచరైన బండి దగ్గర అవేమీ లేవు, వెనక స్వీప్ లేడు. గంట పోయింది అందుకు బాబాయ్, చీలినందుకు కాదు.

భాగ్యనగరం 650

హైదరాబాద్ నుంచి వస్తున్నవాళ్లలో నేనొకణ్ని. రెండు మాటలు అడగాలి. ఒకటి, మాకు దారి తెలీదు. ఎర్రగుంట్లలో ప్రొద్దుటూరు దారి వేరు, ముద్దనూరు దారి వేరు అంటున్నారు. లారీల మధ్య ముందు బండి కనపడకపోతే ఎటు తిరగాలి? ఆగి ఫోన్ తీసి మ్యాపు చూసుకోవాలా?

రెండోది, మావి 650 సీసీ పెద్ద బండ్లు. ఎన్‌హెచ్ 44 మీద వచ్చే స్పీడుకు, మీ గుంపు స్పీడుకు పొంతన ఉండదు. పెద్ద బండ్లన్నీ ఒక గుంపుగా వేస్తే అందరికీ సుఖం కదా?

చివరి బండి

దారి గురించి భయం వద్దన్నా. ముందాయన మలుపు తిరిగే ముందు తన వెనకున్న రెండో బండిని అక్కడ ఆపుతాడు. ఆ రెండో బండి ఆయన రోడ్డు పక్కన అందరికీ కనపడేచోట నిలబడి, వచ్చేవాళ్లకు చేత్తో దారి చూపిస్తాడు. స్వీప్ వచ్చిందాకా కదలకూడదు. స్వీప్ కనపడగానే ఆయన ముందు చేరిపోతాడు. తర్వాతి మలుపుకు అప్పుడు రెండో స్థానంలో ఉన్నాయన నిలబడతాడు. ఇట్లా పోతే ముందాయనకూ వెనకాయనకూ దారి తెలిస్తే చాలు. స్వీప్‌కు ఆకుపచ్చ మెరుపు జాకెట్ వేయిస్తాం, గుర్తుపట్టడం తేలిక. ఎవరికైనా పెట్రోల్ కావాలంటే ట్యాంకు మీద తట్టి చూపించండి.

650లన్నీ ఒక గుంపు అంటే మాత్రం నేనొప్పుకోను. కారణం ఆ రోడ్డే. జమ్మలమడుగు వైపు నల్లరేగడి నేలలు. శనగ కోతలప్పుడు రోడ్డు మీదే పంట ఆరబోస్తారు. మలుపు తిరగ్గానే సగం రోడ్డుకు శనగ పొట్టు పరిచి, పక్కన వరుసగా రాళ్లు పెట్టి ఉంటారు. దాని మీద బ్రేకు పడితే ఏ బండైనా జారుతుంది, 650 అయినా అంతే. తర్వాత గొర్రెల మందలు. కాపరి మందను ఒక పక్కకు తోలుకునేదాకా ఇంజను ఆపుకోని నిలబడాల్సిందే. స్పీడు కావాలంటే అది ఈ దారి కాదన్నా.

షైన్ 125

నేను కూడా రాయాలి, ఎందుకంటే ఈ 24లో అన్నిటికన్నా చిన్న బండి నాదే. పెద్ద గుంపు చివర తోలినవాళ్లకే తెలుస్తుంది ఆ బాధ. లీడ్, అంటే గుంపును ముందుండి నడిపేవాడు, 60లోనే పోతాడు. గుంతొస్తే 40కి తగ్గి మళ్లీ 60కి వస్తాడు. ఆ తగ్గడం పెరగడం వెనక్కి వచ్చేసరికి రబ్బరులా సాగుతుంది. చివరున్న నేను ఒక నిమిషం 25లో, ఇంకో నిమిషం 85లో తోలాల్సొస్తుంది. నా బండికి 85 అంటే గొంతు చించుకున్నట్టే. సాయంత్రానికి మణికట్టు పట్టేస్తుంది, మనసంతా భయం.

చిన్న బండిని చివర కాకుండా లీడ్ వెనకాలే పెట్టండి. దాని స్పీడే గుంపు స్పీడు. 650 అన్న ఏమనుకోవద్దు, మీ బండి 60లో పోగలదు, నా బండి 100లో పోలేదు. లీడ్ వెనకున్నది నేనైతే మలుపుల దగ్గర నిలబడే పని కూడా మొదట నాకే వస్తుంది. సంతోషంగా నిలబడతా. మళ్లీ అందుకోమని మాత్రం ఎవరూ తొందర పెట్టకూడదు.

భాగ్యనగరం 650

న్యాయమే చెల్లీ. 60లోనే పోదాం. దారి తెలియకపోయినా పర్వాలేదన్న భరోసా దొరికింది, మాకు అది చాలు. బెలుం మాత్రం వదలొద్దు, మాలో చాలామంది చూడలేదు.

పెన్నా గట్టు

బెలుం గురించి నేనూ ఆలోచించా. గండికోటలో లోయ అంచుకు పోవాలి, మాధవరాయ గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూడాలి. తొందరగా చూసి పరిగెత్తే చోటు కాదది. ఇక బెలుం గుహ పొడవు 3,229 మీటర్లు, చూడనిచ్చేది కిలోమీటరున్నర. లోపల ఉక్క, రైడింగ్ జాకెట్, బూట్లతో దిగితే తడిసి ముద్దవుతారు. అన్నీ విప్పి పెడితే 24 హెల్మెట్లకు కాపలా ఎవరుంటారు? అక్కణ్నుంచి కడప చేరేసరికి చీకటి పడుతుంది. అందుకే ఆదివారం బెలుం తీసేస్తున్నా. హైదరాబాద్ వాళ్లు సోమవారం వెనక్కి పోయేటప్పుడు జమ్మలమడుగు, కొలిమిగుండ్ల, బనగానపల్లె మీదుగా కర్నూలు చేరొచ్చు. బెలుం ఆ దారిలోనే. పొద్దున్నే చల్లగా చూసుకోని పోండి.

బుల్లెట్ బాబాయ్

లారీల లెక్క కాదనలేను. పంచర్ సంగతి కూడా సరే, స్వీప్ ఉండుంటే ఆ గంట పోయేది కాదు. కానీ నా మొదటి మాటకు ఎవరూ జవాబు చెప్పలేదు. కలిసి పోవడం కోసం వచ్చేవాళ్లను విడగొట్టి పంపడం నాకిప్పటికీ మనసుకు పట్టదు. ఆరుగురిలో ముగ్గురు మనోళ్లు, ముగ్గురు వచ్చినోళ్లు ఉండాల. జమ్మలమడుగులో టిఫిన్ అందరం ఒక్కచోటే. ఉగ్గాని బజ్జి ఖర్చు నాది. అక్కణ్నుంచి గుంపులు మార్చి కలపండి.

తిరిగి వచ్చేటప్పుడు ఎర్రగుంట్ల మీదుగా వద్దు. ప్రొద్దుటూరు, మైదుకూరు మీదుగా రండి. మైదుకూరు నుంచి కడపకు నాలుగు వరుసల రోడ్డు, ఎన్‌హెచ్ 40. అక్కడ ఎదురుగా లారీ వచ్చే భయం లేదు. ఆ ముక్కలో 24 బండ్లూ కలిసి రావాల. ఇది కూడా కాదంటే నేను రాను.

చివరి బండి

మైదుకూరు నుంచి సరే బాబాయ్. ఎడమ వరుసలోనే, ఎడమా కుడీ మార్చుకుంటూ పోదాం. ఆరు బండ్లకొకసారి కారు పట్టేంత సందు వదలాల, పక్క ఊళ్లకు తిరిగేవాళ్లు మన మధ్యలో ఇరుక్కోకూడదు. పక్కపక్కన జంటగా పోవడం మాత్రం ఎక్కడా వద్దు, ఫొటో కోసం కూడా.

పెన్నా గట్టు

అయితే అట్లాగే ఖాయం. గుంపుల్లో ఎవరెవరో శుక్రవారం పెడతా. వెనక కూర్చునేవాళ్లకు కూడా ఐఎస్‌ఐ హెల్మెట్ ఉండాల్సిందే, లేకపోతే ఎక్కించుకోం. పెట్రోల్ శనివారం రాత్రే నింపుకోండి. నాలుగు గుంపులకు నలుగురు స్వీప్‌లు కావాలి, ఇప్పటికి ముగ్గురే ఉన్నారు. పంచర్ వేయడం చేతనైనవాళ్లు ఒకరు కింద పేరు రాయండి.